తొడుగులోని కోపం

ఎముక విరిగిన చప్పుడు గ్యాలరీ ఆఖరి మెట్టు దాకా వినపడింది. ఒక్క క్షణం ఎవరూ అరవలేదు. తీరప్రాంత మహిళల ఫుట్‌బాల్ లీగులో సెమీఫైనల్ అది. మిట్టమధ్యాహ్నం విశాఖలో ఆట పెట్టిన మహానుభావుడెవరో గానీ, మాడు పగిలే ఎండ. భీమిలి జట్టు డిఫెండరు గనగళ్ళ హాసిని పరుగున వచ్చి, బంతిని ఎప్పుడో వదిలేసిన కాకినాడ పిల్ల మీదికి రెండు కాళ్ళూ చాపి పడింది. కాకినాడ పిల్ల కాలు ఉండకూడని వైపుకి వంగిపోయింది. హాసిని కూడా లేవలేదు.

రిఫరీ నూకరత్నం విజిల్ ఊది, స్ట్రెచర్లని పిలిచి, వీడియో చూసింది. ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి. వీడియోలో కాళ్ళు కనిపిస్తాయి, మనసు కనిపించదు కదా. పాత రోజుల్లో అయితే ఇక్కడే రభస మొదలయ్యేది. ఒకరు కావాలని కొట్టిందనేవారు, ఒకరు పొరపాటు అనేవారు, సాయంత్రం టీవీలో పెద్దమనుషులు కూర్చుని చొక్కాలు చింపుకునేవారు. ఆ గోల పడలేకే తొడుగు కనిపెట్టారు.

నూకరత్నం సైడ్‌లైన్ పక్కనున్న గుడారంలోకి వెళ్ళి తొడుగు వేసుకుంది. మడమ నుంచి దవడ దాకా పట్టే నల్లటి బిగుతు బట్ట అది. ఆటగాళ్ళ మేజోళ్ళలో, చొక్కాల్లో వెంట్రుకంత సన్నటి తీగలుంటాయి. కండరం ఎంత బిగిసిందో, ఊపిరి ఎక్కడ ఆగిందో అవి పట్టుకుంటాయి. అదంతా తొడుగులోకి వచ్చేసరికి, వేసుకున్న రిఫరీ రెప్పపాటు సేపు ఆ ఆటగాడే అయిపోతుంది. కాలు జారినవాడి ఒంట్లో బెదురు తెలుస్తుంది. తొందరపడినవాడి ఒంట్లో ఆత్రం తెలుస్తుంది. కావాలని కొట్టినవాడి ఒంట్లో మాత్రం మోకాలి వెనక నుంచి ఒక మంట లేచి, నడుము మీదుగా ఎక్కి, ఊపిరి బిగబట్టించి, పళ్ళు కొరికిస్తుంది. ఒకసారి ఒంటికి తెలిశాక దాన్ని ఇంక దేనితోనూ పొరబడరు.

నూకరత్నానికి ఆ మంట లేచింది. మోకాలు, నడుము, గుండె, పళ్ళు. వేసవి మధ్యాహ్నం కూడా ఒళ్ళు జలదరించింది. తొడుగులో తెలిసింది తెలిసినట్టు స్టేడియం అంతటికీ చెప్పాలన్నది నియమం. మైకు అందుకుని, "ఉంది. కావాలనే కొట్టింది," అంది.

అప్పటికి హాసిని మొహం మీద నీళ్ళు కొట్టి లేపారు. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళుంటాయేమో. కళ్ళు తేలిపోయి ఉన్నాయి.

"నాకేటీ గుర్తు లేదు మేడం. బంతి ఎనకాల పరిగెడతన్నాను. తర్వాతేటో తెలీదు."

"అందరూ అదే అంటారమ్మా," అని నూకరత్నం ఎర్రకార్డు చూపించింది. ఆమె గొంతులో కాఠిన్యం ఏమీ లేదు. ఖాయంగా తెలిసినవాళ్ళకి గొంతు పెంచాల్సిన పనేముంది? తొడుగు వచ్చాక ఆమె తీర్పు ఒక్కటీ తిరగబడలేదు. తొడుగు తేల్చిన కక్షకి శిక్ష జీవితాంతం నిషేధం. సోమవారం క్రమశిక్షణ సంఘం కూర్చుని ముద్ర వేయడమే తరువాయి. జాతీయ శిబిరానికి పేరు పంపిన పిల్ల ఆ సోమవారంతో ఆటకే దూరమైపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నూకరత్నం కుడికాలు రోజూలాగే మండుతోంది. ఎర్రకార్డు ఇచ్చిన ప్రతి రోజూ ఆ మంట రాత్రిదాకా వదలదు. మొగుడు ఎల్లాజీ అప్పటికే ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, కొర్రమీను పులుసు పెట్టి, నూనె వెచ్చబెట్టి ఉంచాడు.

"కాలిలా పెట్టు. ఇయ్యాల ఎవురికి తగిలించేవు కార్డు?"

"భీమిలి గుంట. సిన్నపిల్లే. ఎంత కసి పెట్టుకుందో లోపల! ఆ వయసుకి అంత కసి ఎలా వస్తాదో నాకర్థం కాదు."

"ఎవురి కడుపులో ఏటుందో ఎవురికి తెలస్తాది రత్తీ," అంటూ ఎల్లాజీ పిక్కల దగ్గర బొటనవేలితో ఒత్తాడు. రత్తీ అని ఆమెను పిలిచేది లోకంలో అతనొక్కడే.

ఎల్లాజీ గురించి పేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఒకప్పుడు మంచి డిఫెండరు. పెళ్ళయ్యాక నూకరత్నానికి లీగు రిఫరీల ప్యానెల్లో చోటు వచ్చింది. ప్యానెల్లో ఉన్నవాళ్ళ దగ్గర బంధువులెవరూ మగవాళ్ళ లీగులో గానీ, ఆడవాళ్ళ లీగులో గానీ ఆడకూడదని నియమం. ఎవరో ఒకరు మానుకోవాలి. "నాకు వయసైపోయింది, నువ్వెళ్ళు," అని నవ్వుతూ బూట్లు విప్పేసి, వీధి వీధంతా మిఠాయి పంచింది ఎల్లాజీయే. భార్య కోసం ఆట వదిలేసినోడని ఇప్పటికీ ఆడవాళ్ళు తమ మొగుళ్ళని అతని పేరు చెప్పి దెప్పుతుంటారు.

మర్నాడు పొద్దున్నే తలుపు బాదిన చప్పుడైంది. వాకిట్లో హాసిని తల్లి పోలమ్మ నిలబడి ఉంది. ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు రిఫరీకి కొత్త కాదు. నూకరత్నం తలుపుకి అడ్డంగా నిలబడి, "ఏదున్నా సంఘంలో చెప్పుకోమ్మా," అంది.

పోలమ్మ తిట్టలేదు. అదే విడ్డూరం.

"నానేటీ అననమ్మా. ఒక్కటే అడుగుతాను, సెప్పు. డాక్టరుబాబు పరీచ్చలు సేసి సెప్పినాడు. నా గుంటకి వడదెబ్బ కొట్టి పరుగులోనే తెలివి తప్పిపోయిందంట. ఒళ్ళు కొయ్యలాగ బిగుసుకుపోయి అలాగే పడిపోయిందంట. ముందు తెలివి పోనాది, తర్వాత ఆ పిల్లకి తగిలింది. అదే ముక్క ఆ బాబు రాసి సంతకం పెట్టేడు. తెలివిలేని గుంటకి కచ్చ ఎలగొస్తాదమ్మా? నువ్వు పెద్దదానివి, నువ్వే సెప్పు."

నూకరత్నం అడ్డంగా నిలబడ్డది కాస్తా పక్కకి తప్పుకుంది. పోలమ్మ ఆ మొహంలోకి చూసి, జవాబు రాదని తెలుసుకుని, ఆసుపత్రి కాగితం నకలు ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వెనక నుంచి ఎల్లాజీ "ఎవురే?" అని అడుగుతున్నా ఆమెకి వినపడలేదు. తెలివి తప్పినవాళ్ళ ఒంట్లో నిద్ర ఉండాలి, చీకటి ఉండాలి. మరి తనకు తెలిసిన ఆ మంట? ఆ పళ్ళు కొరకడం? అది ఎవరిది?

రుషికొండ మీద తొడుగు తయారైన ప్రయోగశాలలో డాక్టర్ వైదేహి అనే ఆవిడ ఉంది. తొడుగుల బాగోగులన్నీ ఆవిడే చూస్తుంది. నూకరత్నం చెప్పిందంతా విని మొదట తేలిగ్గా నవ్వింది. ఆసుపత్రి కాగితం చూశాక నవ్వు ఆగిపోయింది. యంత్రం ముందు కూర్చుని సెమీఫైనల్ లెక్కలన్నీ పైకీ కిందికీ తిప్పింది. చివరికి కుర్చీలో వెనక్కి జారబడింది.

"నూకరత్నం గారూ, మీకొకటి చెప్పాలి. మేజోళ్ళూ చొక్కాలూ పట్టుకునేది కొంచెమే. బిగువు, ఊపిరి, అంతే. మిగతా ఒళ్ళంతా మేం నింపుతాం. ఇక్కడ మనుషుల్ని పరుగెత్తించి, జారిపడేట్టు చేసి నమూనాలు తీసి పెట్టుకున్నాం. ఆట మధ్యలో వచ్చిన లెక్క ఏ నమూనాకి దగ్గరగా ఉంటే, తొడుగు ఆ నమూనాని మీకు అందిస్తుంది."

"అంటే నేను ఆటగాడి ఒళ్ళు చూడటం లేదా?"

"ఆటగాడికి దగ్గరగా ఉన్న ఇంకో మనిషి ఒళ్ళు చూస్తున్నారు."

"హాసినిది?"

"ఊపిరి ఆగింది, మోకాళ్ళు బిగిశాయి, మెడ కొయ్యబారింది. స్పృహ తప్పడానికి మా దగ్గర నమూనా లేదు. అలాంటిది ఒకటుంటుందని మాకు తట్టనే లేదు. దగ్గరగా కుదిరింది కక్ష నమూనా. అదే వెళ్ళింది."

"కక్ష నమూనాలు ఎన్నున్నాయి?"

వైదేహి తల దించుకుంది. "ఒకటి."

నూకరత్నం లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. ఒకటా! ఇన్ని ఊళ్ళలో, ఇంతమంది రిఫరీలు, ఇన్ని ఎర్రకార్డులు! కావాలని కొట్టారని తాను మైకులో చెప్పిన ప్రతిసారీ అదే మంట, అదే వరసలో, అదే మోకాలి వెనక నుంచి ఎందుకు లేచిందో ఇప్పుడు అర్థమైంది. కక్ష అందరిలో ఒకేలా ఉంటుందని తానెంత గట్టిగా నమ్మింది! కొత్త రిఫరీలకి పాఠం కూడా చెప్పింది.

"నటులని పిలిచారట, పనికిరాలేదట," వైదేహి నెమ్మదిగా చెప్పుకుపోయింది. "నటించిన కోపం కండరాల్లోకి దిగదు. అప్పుడు పాత ఆటగాళ్ళని పిలిచి, మీకు నిజంగా కసి ఉన్నవాళ్ళని తలుచుకుని ఈ బొమ్మని తన్నండి అన్నారట. ఒకాయన ఒక్కడే నిజంగా తన్నాడట. నేను చేరకముందు సంగతి ఇది. పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చారు కాబట్టి అన్నీ చెరిపేశారు. ఆయనెవరో ఎవరికీ తెలీదు."

"ఆ నమూనా నాకు మొత్తం చూపించండి. మ్యాచిలో వచ్చేంత ముక్క కాదు. మొదట్నుంచి."

వైదేహి తటపటాయించి, తొడుగు తెచ్చి ఇచ్చింది.

మొదట వచ్చింది కోపం కాదు. ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. బరువంతా ఎడంకాలి మీద వేసి, మెడ కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి విరిచాడు. బుగ్గ లోపలి కండని పళ్ళతో మెల్లగా నమిలాడు. నూకరత్నానికి ఒళ్ళంతా చల్లబడింది. పొద్దున్నే మంచం దిగే ముందు పక్కనుంచి రోజూ చూసే మెడ అది. అన్నం తింటూ ఆలోచనలో పడితే రోజూ నమిలే బుగ్గ అది. ఇన్నేళ్ళూ బయటనుంచి చూసింది, ఇప్పుడు లోపల నిలబడి ఉంది.

అబ్బే, కాదు, ఇలా మెడ విరిచేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు అనుకుంది. ఇంతలో ఆ మనిషి పరుగెత్తడానికి ముందు గొంతు కదిలింది. శబ్దం లేదు. తొడుగు దవడ దాకా ఉంటుంది కదా, ఆమె నాలుక దానంతటదే పళ్ళ వెనక్కి వెళ్ళి ఒక పేరుని ఆకారం కట్టింది.

రత్తీ.

ఆ తర్వాత మంట లేచింది. పరుగు, తన్ను. ఇన్నాళ్ళూ పరాయి పిల్లల మీద వేసిన ఆ కసి మొత్తం, మొదట్నుంచి చివరిదాకా, తన పేరు మీద నడిచింది. తొడుగు విప్పుకోవడం చేతకాక, "తియ్యండి, తియ్యండి," అని అరుస్తుంటే వైదేహి కంగారుగా వచ్చి జిప్పు లాగింది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకి తెలీదు. ఎల్లాజీ వరండాలో చొక్కాలు ఆరేస్తున్నాడు. ఆమె చెప్పులైనా విప్పలేదు.

"రుషికొండ మీదికి ఎప్పుడైనా వెళ్ళేవా?"

అతని చేతిలోని చొక్కా అక్కడే ఆగింది. అబద్ధం ఆడే మనిషి కాదు, దాచే మనిషి. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఎళ్ళేను. పాత ఆటగాళ్ళకి రోజుకూలీ ఇస్తారంటే ఎళ్ళేను. నీకు సెప్పలేదు. ఆ పని నీ తొడుగు కోసమని నాకప్పటికి తెలీదు రత్తీ."

"ఎవర్ని తలుచుకున్నావు?"

అతను చొక్కాని దండెం మీద వేసి, దాని ముడతలు సర్దసాగాడు.

"నాను లోపలున్నాను ఎల్లాజీ! నీ ఒంట్లో ఉన్నాను! నా నోటితో నా పేరే అనిపించావు!"

ఎల్లాజీ మెట్టు మీద కూలబడ్డాడు.

"వయసైపోనాదని సెప్పేను గానీ, నాకేటి అయిపోనాది అప్పుడు? ఇంకా నాలుగేళ్ళు ఆడగలను. నువ్వు ఆగుతానని ఒక్కమాట అంటావేమోనని సూసేను. నువ్వనలేదు. మిఠాయి పంచేను. అందరూ భుజం తట్టేరు. తట్టినప్పుడల్లా ఇక్కడ," అని గుండె మీద గుద్దుకున్నాడు, "ఇక్కడ ఇరిగింది. ఆ రోజు ఆళ్ళు నిజం కోపం కావాలన్నారు. కళ్ళు మూసుకుంటే నువ్వే వచ్చేవు. ఒక్కసారి తన్నేను. అంతే. అక్కడే వదిలేసి వచ్చేసేను రత్తీ. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు దూదిపింజలాగైపోనాది. నువ్వే అన్నావు గుర్తుందా, ఈ మద్దెన మంచిగా ఉంటన్నావని?"

ఆమెకి గుర్తుంది. అతను మంచిగా మారింది ఎప్పుడో కూడా గుర్తుంది. అతను కొండ మీద దింపుకుని వచ్చిన బరువుని వారం వారం తాను ఒంటికి వేసుకుని, పిల్లల నెత్తిన పెట్టి, రాత్రికి అతని చేతే నూనె రాయించుకుంది. ఏడుపు రాలేదు. నిర్ఘాంతపోయిన మనిషికి ఏడుపు వెంటనే రాదు.

"సోమవారం నాను వస్తాను. ఆ కసి నాదేనని, ఆ గుంట తప్పు లేదని సెప్తాను," అన్నాడు ఎల్లాజీ.

సోమవారం సంఘం హాల్లో క్రమశిక్షణ అధ్యక్షుడు భద్రరాజు గారు అంతా విన్నారు. ఎదురు బెంచీ మీద పోలమ్మ, ఆమె పక్కన చున్నీ కొస నలుపుతూ హాసిని. భద్రరాజు గారు చెడ్డవాడు కాదు, చట్టం మనిషి.

"ఆసుపత్రి కాగితం చూశానమ్మా. కానీ తొడుగు కంటే కాగితం ఎక్కువ అని మన చట్టంలో లేదు. ఆ నమూనా మీ ఆయనదే అంటున్నారు. పేర్లు చెరిపేశామని డాక్టరు గారే అంటున్నారు. భార్య తీర్పు తప్పైందని కుమిలిపోతుంటే మంచి మొగుడు ఏదైనా ఒప్పుకుంటాడు. మీ ఆయన ఎంత మంచివాడో ఊరంతటికీ తెలుసు. నమూనా ఆయనదని తేలితే తొడుగు మాట పక్కనపెట్టి కాగితమే నమ్ముతాను, కానీ నాకు రుజువు కావాలి."

వైదేహి లేచింది. "ఒక దారి ఉందండీ. ఒంటినిండా తీగలున్న చొక్కా తెచ్చాను. మధ్యలో నమూనా ఏదీ ఉండదు, ఆయన ఒంట్లో ఏముంటే అదే తిన్నగా వస్తుంది. ఆయన మళ్ళీ ఆ మనిషినే తలుచుకుని తన్నాలి. అదే కసి వస్తే నమూనా ఆయనదని తేలిపోతుంది. ఆ నమూనాని ఒంటితో ఎరిగిన రిఫరీ తొడుగు వేసుకుని చెప్పాలి."

"రాకపోతే?"

"రాకపోతే మా దగ్గర ఇంకేమీ లేదండీ."

ఎల్లాజీ చొక్కా తొడుక్కుంటూ భార్య చెవి దగ్గరికి వంగాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "నాలో ఏటీ నేదు రత్తీ. నిజం సెప్తున్నాను, ఒట్టు. ఇన్నేళ్ళలో ఒక్కసారి రాలేదు. ఇప్పుడు రాకపోతే ఆ గుంట గతేటి?"

అప్పుడు తెలిసింది నూకరత్నానికి తానెక్కడ నిలబడి ఉందో. ఆ కసి రావాలి, వస్తేనే హాసిని ఆడుతుంది. ఆ కసి రాకూడదు, రాకపోతేనే ఈ మనిషి తన మనిషి. వచ్చిందీ రానిదీ ఆమె ఒంటికి తప్ప హాల్లో ఎవరికీ తెలియదు. ఏది చెబితే అదే తీర్పు.

హాలు మధ్యలో గడ్డి కూరిన బొమ్మని నిలబెట్టారు. ఆమె తొడుగు బిగించుకుంది.

మొదట మెడ విరుపు వచ్చింది. బుగ్గ నమలడం వచ్చింది. ఆ తర్వాత భయం, పిల్లవాడి భయంలాంటిది. దాని వెనక ఏదో వెచ్చగా, మెత్తగా ఉంది. పిక్కల మీద నూనె రాసే బొటనవేలు తాలూకు మెత్తదనం అది. నిజమైనదే. మధ్యలో నమూనా లేని తొడుగు అబద్ధమాడదు. ఆమెకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. లేదు, ఏమీ లేదు అనుకుంది. ఆ సంతోషంలో హాసినిని మరిచిపోయింది కూడా.

గొంతు కదిలింది. రత్తీ.

మోకాలి వెనక మంట లేచింది. మొదట సన్నగా, తర్వాత ఆగకుండా. నడుము ఎక్కింది, ఊపిరి పట్టేసింది, పళ్ళు కరకరలాడాయి. పాత మంటే, కానీ ముదిరింది. ఇన్నేళ్ళ భుజం తట్టడాలూ, ఐసు ఫ్యాక్టరీ చలీ, టీవీలో ఆమె విజిల్ ఊదుతుంటే పక్కన కూర్చుని చూసిన ప్రతి మ్యాచీ అందులో ఉన్నాయి. ఎల్లాజీ కాలు లేచింది. గడ్డిబొమ్మ గోడకి కొట్టుకుని నడుం దగ్గర విరిగి పడింది.

హాలంతా బిక్కచచ్చిపోయింది. అందరికంటే ఎక్కువ ఎల్లాజీయే. తన కాలి వంక తానే చూసుకుంటున్నాడు.

"చెప్పండమ్మా," అన్నారు భద్రరాజు గారు.

లేదు అనొచ్చు. ఆ మాటతో ఇవాళ సాయంత్రం మళ్ళీ పులుసు, నూనె, వరండా. నూకరత్నం హాసిని వంక చూసింది. ఆ పిల్ల చున్నీ నలపడం ఆపేసి నోరు తెరుచుకుని వింటోంది.

"ఉంది. అదే," అంది నూకరత్నం. "ఆ అమ్మాయిది కాదు. నా తీర్పు తప్పు."

పోలమ్మ "తల్లీ" అని ఒక్క కేక పెట్టి కూతుర్ని వాటేసుకుంది. భద్రరాజు గారు కళ్ళద్దాలు తీసి, నిషేధం లేదని, తొడుగు తేల్చిన పాత తీర్పులన్నీ తిరగదోడాలని గుమస్తాకి చెబుతున్నారు. ఆ సందడిలో ఎల్లాజీ తీగల చొక్కా విప్పి, చేతిలో పట్టుకుని భార్య దగ్గరికి వచ్చాడు. ఒళ్ళంతా చెమట.

"పోయిందనుకున్నాను," అన్నాడు. "ఒట్టు రత్తీ, పోయిందనే అనుకున్నాను." ఎవరికీ వినపడకుండా అడిగాడు. "ఎంతుంది?"

తొడుగు ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది. తెలిసింది తెలిసినట్టు చెప్పడం తప్ప ఆమెకి ఇంకోలా చేతకాదు.

"అప్పటికంటే ఎక్కువుంది," అంది.

ఎల్లాజీ తల ఊపాడు. చొక్కాని మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, ఎవరితోనూ ఏమీ అనకుండా తలుపు వైపు నడిచాడు. ఆగమందామని ఆమె నోరు తెరిచింది. దవడ ఇంకా బిగుసుకునే ఉంది, మాట రాలేదు.